మిద్దె మీద నుంచి ఊరికి నెట్: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: అన్నా, నమస్కారం. మాది చంద్రగిరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె. ఆరేళ్ళు బెంగళూరులో నెట్‌వర్క్ సపోర్టులో పనిచేసి, నాయనకు ఒళ్ళు బాగలేక ఇంటికొచ్చేసినాను. మా ఊరు, పక్క రెండు ఊళ్ళు కలిపి 180 ఇళ్ళుంటాయి. ఫైబర్ చంద్రగిరి దాకా వచ్చి ఆగిపోయింది. ఫోన్ సిగ్నల్ మిద్దె ఎక్కితేనే. ఇంటి నుంచి ఉద్యోగం చేసే పిల్లలు ఏడెనిమిది మంది రోజూ బండేసుకుని చంద్రగిరికి పోయి పని చేసుకొని వస్తున్నారు. అక్కడ మా చిన్నాయన వాళ్ళది మూడంతస్తుల మిద్దె. ఆ ఇంట్లో ఒక ఫైబర్ కనెక్షన్ తీసుకుని, పైన రేడియో (నెట్‌ను గాలిలో దూరానికి పంపే పెట్టె) పెట్టి మా ఊరికి కొట్టి, ఇంటికి నెలకు 500 తీసుకుంటే ఎట్లుంటుంది? చేతిలో మూడున్నర లక్షలుంది. కొందరు లైసెన్సు లేకుండా కుదరదంటారు, కొందరు వైఫైకి లైసెన్సేమిటి అంటారు. ఏది నిజం?
(పేరు వద్దన్న పాఠకుడు, చంద్రగిరి మండలం)

జవాబు: తమ్ముడూ, ఇంటి కనెక్షన్ తీసుకుని నలుగురికి పంచి దుడ్లు తీసుకునే పని మాత్రం చేయొద్దు. నేను చేసినాను కాబట్టి చెబుతున్నా. 2013లో తిరుచానూరు వైపు మా వీధిలో ఒక కంపెనీ బ్రాడ్‌బ్యాండు నా పేరు మీద తీసుకుని, మిద్దె మీద ఒక పెట్టె పెట్టి 11 ఇళ్ళకు ఇచ్చినాను. ఇంటికి 200. ఆరు నెలలు హాయిగా నడిచింది. ఒకరోజు పొద్దున్నే ఇద్దరు పోలీసులు వచ్చినారు. ఆ లైను నుంచి ఎవరో ఒక ఆడపిల్లకు దొంగ పేరుతో పాడు మెసేజీలు పెట్టినారు. అడ్రసు వెతికితే తేలింది నా పేరు. ఎవరు వాడినారో చెప్పమంటే చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క రికార్డు లేదు. అందరికీ ఒకటే పాస్‌వర్డు! నాలుగు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగినాను. చివరికి వాళ్ళే వేరే దారిలో మనిషిని పట్టుకున్నారు. కానీ ఆ నాలుగు రోజులూ బల్లకు అవతల కూర్చున్న ఆ పిల్ల తండ్రి నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళలోనే ఉంది. నేను సంపాదించింది నెలకు రెండు వేల చిల్లర. ఆ పిల్లకు జరిగిన దాన్ని నాలుగు రోజుల ముందే ఆపగలిగే రికార్డు నేను పెట్టుకోలేదు.

ఇప్పుడు లైసెన్సు సంగతి. నీకు చెప్పిన ఇద్దరి మాటా సగం సగం నిజమే. ఇక్కడ లైసెన్సులు రెండు, జనం కలిపేసి మాట్లాడుతారు. ఒకటి గాలిలో తరంగం వాడటానికి, ఇంకొకటి జనానికి ఇంటర్నెట్ అమ్మడానికి. మొదటిది నీకు అక్కరలేదు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు 2005లోనే ఫ్రీ అయింది. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్‌లో 5150 నుంచి 5350 దాకా, 5470 నుంచి 5875 దాకా, మొత్తం 605 మెగాహెర్ట్జ్ వదిలినారు. పవర్ హద్దులో ఉండాలి, మనదేశంలో అనుమతి ఉన్న రేడియోనే కొనాలి, అంతే. అయితే లైసెన్సు లేని బ్యాండులో పక్కవాడి రేడియో నీ లింకుకు అడ్డమొస్తే ఎవరి మీదా ఫిర్యాదు చేయలేవు, ఇద్దరూ మాట్లాడుకుని చానల్ మార్చుకోవాల్సిందే. యూట్యూబులో విదేశాల వాళ్ళు చూపించే 60 గిగాహెర్ట్జ్ రేడియోలు ఎంత మోజుగా ఉన్నా వాటి జోలికి పోవద్దు, ఆ బ్యాండు మన దగ్గర ఇట్లా ఫ్రీగా వాడుకునేది కాదు.

రెండో లైసెన్సు తప్పనిసరి. అనుమతి లేకుండా టెలికాం సేవ అమ్మితే 2023 టెలికాం చట్టంలో మూడేళ్ళ దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా రాసి ఉంది. కాబట్టి నీ ముందు ఉన్న దారులు రెండు. సొంతంగా ఐఎస్పీ, అంటే ఇంటర్నెట్ అమ్మే కంపెనీ కావడం ఒకటి. యూనిఫైడ్ లైసెన్సులో ఎ కేటగిరీ దేశమంతటికీ, బి రాష్ట్రానికి, సి ఇంచుమించు పాత జిల్లా అంత ప్రాంతానికి. సి కేటగిరీ ప్రవేశ రుసుం 20 వేలే అని చూసి సంబరపడొద్దు. అది నీ పేరు మీద రాదు, కంపెనీ రిజిస్టర్ చేయాలి. పైన బ్యాంకు గ్యారంటీలు, ఏటా లెక్కలు, కస్టమర్ల కాగితాలు, రెండేళ్ళ పాటు లాగులు (ఎవరు ఎప్పుడు వాడినారనే రికార్డులు) దాచే సర్వరు. 180 ఇళ్ళ మీద ఆడిటరు ఫీజు కూడా భారమే. కొత్త చట్టం కింద పద్ధతులు కూడా మారుతున్నాయి, ఆ దారిలో పోవాలనుకుంటే ముందు టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్లో ఆ రోజుకున్న ఫీజులు చూసుకో.

నీకు నప్పేది ఇంకో దారి. ఇప్పటికే లైసెన్సున్న ఐఎస్పీకి మీ ఊళ్ళకు భాగస్వామిగా ఉండటం. కేబుల్ టీవీ వాళ్ళు చాలామంది చేసేది ఇదే. బిల్లు కంపెనీ పేరు మీద, కస్టమర్ ఫారం కంపెనీది, లాగిన్ కంపెనీది, లాగులు వాళ్ళ దగ్గర. రేడియోలు, కేబుళ్ళు, మనుషులు నీవి. వచ్చిన దాంట్లో వాటా. అగ్రిమెంటులో మూడు సంగతులు నోటి మాటగా వదిలేయకుండా రాయించుకో. చంద్రగిరి నుంచి ఊరికి రేడియో లింకు వేసుకోవచ్చని, ప్రతి ఇంటికీ వేరే లాగిన్ ఇస్తారని, మధ్యలో ఒప్పందం తెంచితే నీ రేడియోలు నీకే ఉంటాయని. మూడోది రాయించుకోక మావాడొకడు 40 ఇళ్ళ పెట్టెలు పోగొట్టుకున్నాడు.

ఇక మిద్దె మీదికి పోదాం. నిజంగా నీ వ్యాపారం తేలేది అక్కడే.

చిన్నాయన మిద్దె మీద నుంచి మీ ఊరు కనిపిస్తోందా? కనిపించినా చాలదు తమ్ముడూ. రేడియో తరంగం దారం మాదిరి సన్నగా పోదు, మధ్యలో గుమ్మడికాయ మాదిరి ఉబ్బి పోతుంది. 5.8 గిగాహెర్ట్జ్‌లో మూడు కిలోమీటర్లకు సరిగ్గా నడుమ దాని సగం లావు 20 అడుగులు. అందులో కనీసం 12 అడుగులు చూపు గీతకు కింద ఖాళీగా ఉండాలి. ఇప్పుడు లెక్కేయి. మూడంతస్తులు 30 అడుగులు, మీద 20 అడుగుల పైపు, 50. మీ ఇల్లు ఒక్క అంతస్తు అనుకుందాం, 10, పైపు 20, మొత్తం 30. నేల రెండు వైపులా ఒకే మట్టంలో ఉంటే నడుమ గీత 40 అడుగుల ఎత్తులో పోతుంది. 12 తీసేస్తే 28. అంటే దారి నడుమ 28 అడుగులు దాటిన చెట్టు ఏదీ ఉండకూడదు. మీ వైపు ఉండేదంతా మామిడితోపే కదా! అంటు తోతాపురి తోపయితే చాలావరకు గండం గడుస్తుంది. గట్టు మీద ఒక్క పాత నాటు మామిడి ఉన్నా, ఒక చింతచెట్టు ఉన్నా లింకు దగ్గుతుంది. అందుకే ఏ రేడియో కొనకముందే ఒక సాయంత్రం ఆ మిద్దె ఎక్కి, మీ ఇంటి మీద ఎవరినైనా నిలబెట్టి అద్దంతో ఎండ కొట్టమను. మెరుపు కనిపిస్తే తర్వాత బండేసుకుని ఆ గీత వెంబడి తోపుల్లో తిరిగి చెట్ల ఎత్తు చూడు. ఊరి నీళ్ళ ట్యాంకు ఎత్తుగా ఉంటే పంచాయతీ అనుమతి కాగితం మీద తీసుకుని దాని మీద పెట్టుకో. కొండ మీద పెడితే ఊళ్ళన్నీ కనిపిస్తాయి కదా అని అడిగేవాళ్ళుంటారు. శేషాచలం అడవి జాతీయ పార్కు, బయోస్ఫియర్ రిజర్వు. ఆ ఆలోచన వద్దు.

బిగించే రోజు ఒక చిన్న సంగతి మరిచిపోవద్దు. కేబుల్ రేడియోలోకి ఎప్పుడూ కింది నుంచే ఎక్కాలి. ఎక్కేముందు జానెడు కిందికి వంచి లూప్ వదలాలి. అట్లా వదలకపోతే వాన నీళ్ళు కేబుల్ ఒంటి మీదే జారుకుంటూ పోయి సాకెట్టులో చేరతాయి. రాగి పిన్నులు పచ్చబడతాయి. పైకి ఏమీ కనపడదు, నెట్ మాత్రం మొబ్బు పట్టిన రోజల్లా పోయి, ఎండ కాస్తే వస్తుంటుంది. కస్టమర్ 'వానకు సిగ్నల్ రాదు' అంటాడు. 5 గిగాహెర్ట్జ్‌కు మన వానలు ఒక లెక్కా కాదు, చెడగొట్టేది ఆ చుక్క నీళ్ళే. ఎర్తింగు కూడా అదే రోజు వేయించు, తర్వాత వేద్దాంలే అంటే మేలో ఒక పిడుగుకు రెండు రేడియోలు పోతాయి.

మరి ఎంత నెట్ కొనాలి? నేను ఇళ్ళకిచ్చే నెట్ మీటర్లో రాత్రి 8 నుంచి 10 దాకా ఇంటికి సగటున 2 నుంచి 3 ఎంబీపీఎస్ కనబడుతుంది. క్రికెట్ ఉన్న రోజు ఇంకా ఎక్కువ. 60 ఇళ్ళు చేరినాయనుకో, 180 ఎంబీపీఎస్ వేసుకో, కాబట్టి 200 లైను కావాలి. ఇంట్లో 100 ఎంబీపీఎస్ అని ప్లాన్ కార్డు మీద వేసి ఊరించొద్దు. ఇప్పుడు మనదేశంలో బ్రాడ్‌బ్యాండు అనడానికి కనీసం 2 ఎంబీపీఎస్ రావాలి, నువ్వు 20 అని చెప్పి ఎప్పుడూ 20 ఇస్తే ఊరు నిన్ను నమ్ముతుంది. ఒక సెక్టార్ యాంటెన్నా (ఒక వైపు ఇళ్ళన్నిటికీ సిగ్నల్ ఇచ్చేది) మీద 25, 30 ఇళ్ళకు మించి కట్టొద్దు.

నీ మూడున్నర లక్షలు తినేది టవరు కాదు, ఇళ్ళ మీద పెట్టే సామాను. ఇంటి రేడియో, పైపు, కేబుల్, లోపల రౌటరు కలిపి నాకు ఆరేడు వేలు పడింది. 50 ఇళ్ళకు నీ డబ్బు మొత్తం అక్కడే పోతుంది. దీనికి నేను చేసే పని ఒకటుంది. ఆనుకుని ఉన్న నాలుగైదు ఇళ్ళకు ఒకే రేడియో ఒక మిద్దె మీద పెట్టి, నెట్‌వర్క్ స్విచ్ (ఒక లైనును పంచే పెట్టె) నుంచి మిగతా ఇళ్ళకు కేబుల్ లాగుతా. ఈథర్నెట్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, నేను 80 దాటనివ్వను. రేడియో పెట్టిన ఇంటికి కరెంటు ఖర్చుకని నెలకు 100 తగ్గించి ఇస్తే సంతోషంగా ఒప్పుకుంటారు. ఒక మిద్దె మీద నుంచి ఇంకో మిద్దెకు కేబుల్ పోవడానికి ఇంటివాళ్ళ ఒప్పుదల చాలు. కరెంటు స్తంభాల మీద లాగాలంటే మాత్రం ఎస్పీడీసీఎల్ అనుమతి కావాలి, వాళ్ళ హెడ్డాఫీసు తిరుపతిలోనే కదా, పోయి అడుగు. కోతులు ఉండేచోట కేబుల్ పైపులో దూర్చకుండా వదలొద్దు. జీవకోనలో ఒకే వారంలో మూడు సార్లు ఒకే కేబుల్ మార్చినాను.

బ్యాటరీకి డబ్బు పక్కన పెట్టు. మూడు రేడియోలు, ఒక స్విచ్ కలిపి 40 వాట్లు దాటదు. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ సగమే వాడుకున్నా, ఇన్వర్టర్ తినేది పోగా 18 గంటలు వస్తుంది. 2021 నవంబరు వానలకు తిరుపతి మునిగిన రోజులు గుర్తున్నాయి కదా, ఎమ్మార్‌పల్లె వీధుల్లో నీళ్ళు ఏరై పారినాయి. మా దగ్గర కరెంటు లేని ఆ రాత్రి రెండు చోట్ల బ్యాటరీ నిలబడింది. బెంగళూరులో ఉన్న కొడుకుతో వీడియోలో మాట్లాడి 'మేం బాగుండాం నాయనా' అని ఒక ముసలామె చెబుతుంటే నేను అక్కడే మెట్ల మీద ఉన్నా. ఆ బ్యాటరీల మీద పెట్టిన ఖర్చు గురించి ఆ రోజు తర్వాత నేనెప్పుడూ బాధపడలేదు.

డబ్బు ముందే తీసుకో, నెల మొదట్లో. 'కాయలు అమ్మినాక ఇస్తా' అనే మాట మన జిల్లాలో అబద్ధం కాదు, రైతు చేతిలో జూన్, జూలైలోనే డబ్బుంటుంది. అట్లాంటి ఇళ్ళకు నేను ఏడాదికి ఒకేసారి కట్టించుకుని ఒక నెల ఉచితంగా ఇస్తా. వాళ్ళకూ తేలిక, నాకూ తేలిక.

నాకు భయమున్నది ఒక్కచోటే. ఏదో ఒకరోజు ఫైబర్ మీ ఊరికి వస్తుంది. రాష్ట్ర ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్ గారు ప్రారంభించినప్పటి నుంచి చూస్తున్నా, ఆలస్యమైనా వస్తూనే ఉంది. పెద్ద కంపెనీలు 5జీ మీద ఇంటికి పెట్టె ఇచ్చే సర్వీసు కూడా 2023లో మొదలుపెట్టినాయి. కాబట్టి పెట్టిన డబ్బు ఏడాదిన్నరలో తిరిగి వచ్చేటట్టుగా మొదటి 25 ఇళ్ళతోనే ఆగు, ఆ ఇంటి నుంచి పని చేసే ఎనిమిది మందితో మొదలుపెట్టు. వాళ్ళు సంతోషపడితే ఊరికి వాళ్ళే చెబుతారు. ఫైబర్ వచ్చిన రోజు దాన్ని ఇళ్ళలోకి లాగే మనిషివి నువ్వే కావాలి. అప్పటికి ప్రతి మిద్దె మెట్లూ నీకు తెలిసుంటాయి, రాత్రి 9 గంటలకు ఫోన్ ఎత్తే మనిషిగా నువ్వు ఆ ఊళ్ళకు తెలిసుంటావు. ఫోన్ ఎత్తలేనని అనుకుంటే మాత్రం ఈ పనిలోకి రావద్దు. పరీక్ష రాస్తున్న పిల్లకు మధ్యలో నెట్ పోతే ఆ ఏడుపు విన్నవాణ్ణి నేను.

ప్రశ్న: అన్నా, యూనివర్సిటీ దగ్గర మాకు జెరాక్సు, టీ అంగడి ఉంది. పిల్లలు గంటల తరబడి కూర్చుంటారు, నెట్ అడుగుతారు. 10 రూపాయలు తీసుకుని వైఫై ఇవ్వాలంటే నేనూ లైసెన్సు తీసుకోవాలా? మీరు చెప్పేటి పోలీసు సంగతి గతంలో ఒకసారి చదివి భయపడినా.
(పాఠకురాలు, తిరుపతి)

జవాబు: అక్కరలేదమ్మా. మీలాంటి అంగళ్ళ కోసమే పీఎం వాణి అనే పద్ధతి ఉంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఒకప్పుడు పసుపు బోర్డు ఎస్టీడీ బూత్ ఉండేది చూడండి, ఇది నెట్‌కు అట్లాంటిదే. మీరు పబ్లిక్ డేటా ఆఫీసు, అంటే పీడీఓ అవుతారు. లైసెన్సు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఫీజు లేదు. మీ పైన పీడీఓఏ అని ఒక సంస్థ ఉంటుంది, అది టెలికాం శాఖ దగ్గర రిజిస్టరయి ఉండాలి. వాళ్ళు చెప్పిన వైఫై పెట్టె మీ అంగట్లో పెట్టుకుంటారు. పిల్లోడు యాప్‌లో తన ఫోన్ నంబరుకు వచ్చిన ఓటీపీ కొట్టి, 5కో 10కో కూపన్ కొనుక్కుని వాడుకుంటాడు. ఎవరు ఎప్పుడు వాడినారనే రికార్డు పైసంస్థ దగ్గర ఉంటుంది. మీరు భయపడినదానికి సమాధానం అదే.

పీడీఓలకు లైను అమ్మేటప్పుడు కంపెనీలు ఇష్టమొచ్చిన ధర చెప్పేవి. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దానికి హద్దు పెట్టింది. 200 ఎంబీపీఎస్ దాకా ఇంటి ఫైబర్ ప్లాన్ ఏ ధరకు ఉందో, దానికి రెండింతలు మించి మీ దగ్గర తీసుకోకూడదు. లైను అడిగేటప్పుడు 'పీఎం వాణికి' అని చెప్పి అడగండి. ఇంట్లో ఉన్న మామూలు కనెక్షన్ పాస్‌వర్డు మాత్రం కాగితం మీద రాసి గోడకు అంటించొద్దు. దీని మీద ఇల్లు గడుస్తుందని చెప్పను. కూపన్ల మీద మిగిలేది కొంచెమే, కానీ పిల్లలు ఇంకో టీ తాగుతారు.

ప్రశ్న: సార్, మా తమ్ముడింటికీ మా ఇంటికీ మధ్య అర కిలోమీటరు రేడియో లింకు పెట్టుకున్నాం. ఫిబ్రవరిలో బ్రహ్మాండంగా ఉండె, ఏప్రిల్ వచ్చేటప్పటికి నిమిషానికోసారి తెగిపోతోంది. గాదంకి రాడార్ వల్ల అని ఊళ్ళో అంటున్నారు. నిజమేనా?
(పాకాల నుంచి ఒక రైతు)

జవాబు: రాడార్ మీద నింద వేయొద్దు అయ్యా. గాదంకిలోని, పైగాలిని పరిశోధించే పెద్ద ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, మీ రేడియో ఐదు వేల పైచిలుకు మెగాహెర్ట్జ్ మీద. పైగా అది ఆకాశంలోకి చూసేది, మీ పొలం మీదుగా చూసేది కాదు.

మీరు చెప్పిన నెలలే జవాబు చెబుతున్నాయి. రెండిళ్ళ మధ్య వేపచెట్టు ఉందేమో చూడండి. నాకు అవిలాలలో సరిగ్గా ఇట్లాగే అయింది. ఫిబ్రవరిలో వేప ఆకు రాల్చి మోడుగా ఉన్నప్పుడు లింకు పెట్టినా, రేడియో పేజీలో సిగ్నల్ మైనస్ 58 చూపించింది (సున్నాకు ఎంత దగ్గరైతే అంత బాగున్నట్టు). ఉగాది దాటి పది రోజులకు మైనస్ 76. రేడియో మార్చినా, కేబుల్ మార్చినా, చానల్ మార్చినా. ఒక పొద్దున మిద్దె మీద చేతిలో టీ గ్లాసుతో నిలబడి చూస్తే, మొన్నటిదాకా కొమ్మల సందున కనిపించిన అవతలి పైపు కనిపించలేదు. నడుమ అంతా లేత వేపాకు, ఎర్రెర్రగా మెరుస్తా ఉంది. ఆకులో ఉండే నీరు ఈ తరంగాన్ని తాగేస్తుంది.

కొమ్మ కొట్టమని చెట్టు గలాయనను అడగడానికి నాకు మనసొప్పలేదు, ఎండాకాలంలో ఆ నీడన ఆయన ఆవులు పడుకునేవి. పైపు 8 అడుగులు పెంచి, రేడియోను మిద్దె ఈ మూల నుంచి ఆ మూలకు జరిపినా. మైనస్ 61కి వచ్చింది. మీరూ ముందు అది చేసి చూడండి. రేడియోను చేత్తో పట్టుకుని మిద్దె నాలుగు మూలలా నిలబడి ఆ అంకె చూసుకుంటే, ఎక్కడ బిగించాలో పావుగంటలో తెలుస్తుంది.